దావీదు కుమారుడు: ఒక బిరుదు పుట్టుపూర్వోత్తరాలు

మత్తయి సువార్త తెరవగానే మొదటి వాక్యంలోనే యేసుకు ‘దావీదు కుమారుడు’ అన్న బిరుదు కనిపిస్తుంది. దాని పుట్టుక అంతకు వెయ్యేళ్ళ వెనక, యెరూషలేములో ఉంది.

దావీదు దేవుడికి మందిరం కట్టిస్తానన్నాడు. నాతాను ప్రవక్త వచ్చి, దేవుడే నీకు ఇల్లు కడతాడని, అంటే నీ వంశాన్ని నిలిపి సింహాసనాన్ని శాశ్వతం చేస్తాడని చెప్పాడు. సమూయేలు రెండవ గ్రంథం 7వ అధ్యాయంలోని ఈ వాగ్దానమే బిరుదుకు మూలం. ఆ వంశానికి బైబిలు బయట కూడా సాక్ష్యం ఉంది. ఉత్తర ఇశ్రాయేలులోని తెల్ దాన్‌లో 1993లో క్రీ.పూ. 9వ శతాబ్దపు అరామిక్ శాసనం ఒకటి బయటపడింది. అందులో ‘దావీదు ఇల్లు’ అని ఉందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

క్రీ.పూ. 586 ప్రాంతంలో ఆ సింహాసనం కూలింది. బబులోను రాజు నెబుకద్నెజరు సేనలు యెరూషలేము గోడలు పడగొట్టాయి. పారిపోతున్న సిద్కియా రాజు యెరికో మైదానంలో దొరికిపోయాడు. అతని కళ్ళెదుటే కొడుకులను చంపి, తర్వాత ఆ కళ్ళు ఊడబెరికి, సంకెళ్ళు వేసి బబులోనుకు తీసుకుపోయారు. దావీదు వంశంలో యెరూషలేమును ఏలిన చివరి రాజు అతనే.

రాజ్యం పోయినా ఎదురుచూపు పోలేదు. దావీదు తండ్రి యెష్షయి నరికిన మొద్దు నుంచి చిగురు వస్తుందన్న యెషయా మాట, దావీదుకు నీతిమంతుడైన వారసుణ్ని పుట్టిస్తానన్న యిర్మీయా ప్రవచనం జనాన్ని నిలబెట్టాయి. క్రీ.పూ. 63లో రోమా సేనాని పాంపే యెరూషలేమును పట్టుకున్నాక ఆ ఆశ మరింత రాజుకుంది. బైబిలులో చేరని ‘సొలొమోను కీర్తనలు’ ఆ రోజులవే. వాటిలో 17వ కీర్తన, రాబోయే రాజును ‘దావీదు కుమారుడు’ అని పిలుస్తుంది. అన్యులను తరిమి నగరాన్ని శుద్ధి చేయడమే ఆయన పని.

యేసును మత్తయి ఈ ఆశలోనే నిలబెట్టాడు. వంశావళిని పద్నాలుగేసి తరాల మూడు భాగాలుగా పేర్చాడు. హీబ్రూలో దావీదు పేరులోని అక్షరాల విలువ కూడితే పద్నాలుగే వస్తుంది. అయితే సువార్తల్లో ఆయన్ని ఈ బిరుదుతో ముందుగా పిలిచింది పెద్దమనుషులు కారు. సిద్కియా పట్టుబడిన ఆ యెరికో దగ్గరే దారిపక్కన అడుక్కుంటున్న అంధుడు బర్తిమయి, దావీదు కుమారుడా అని కేకవేశాడు. నోరుమూసుకోమని చుట్టూ ఉన్నవాళ్ళు గద్దించినకొద్దీ ఇంకా గట్టిగా అరిచాడు. యేసు ఆగి, నీకేం కావాలని అడిగి, చూపునిచ్చాడు. బిడ్డ కోసం ప్రాధేయపడిన కనాను స్త్రీ కూడా ఆ బిరుదుతోనే పిలిచింది.

దావీదు యెరూషలేమును పట్టుకున్ననాడు గుడ్డివాళ్ళు, కుంటివాళ్ళు లోపలికి రాకూడదన్న సామెత పుట్టిందని సమూయేలు గ్రంథం చెబుతుంది. యేసు గాడిదపై నగరంలోకి వచ్చాక అలాంటివాళ్ళే దేవాలయంలో ఆయన దగ్గరికొచ్చి బాగుపడ్డారు. పిల్లలు దావీదు కుమారుడికి హోసన్నా అని కేకలేశారు. దావీదే క్రీస్తును ప్రభువంటుంటే ఆయన దావీదు కుమారుడెలా అవుతాడని యేసు పరిసయ్యులను అడగడం ఆ తర్వాతి మాట. ఆయన కుమారుడూ, ప్రభువూ కూడా అన్నదే క్రైస్తవ విశ్వాసం.

రోమాకు ఈ బిరుదంటే అనుమానం తీరలేదు. డొమీషియన్ చక్రవర్తి (81–96) యేసు సోదరుడు యూదా మనవళ్ళిద్దరిని దావీదు వంశస్థులని పిలిపించి విచారించాడని క్రైస్తవ రచయిత హెగెసిప్పస్ రాశాడు. వాళ్ళు తమకున్న కాస్త పొలం లెక్క చెప్పి, కాయలు కాసిన అరచేతులు చూపించారు. చక్రవర్తి వదిలేశాడు.

మట్టల ఆదివారం నాడు తెలుగు చర్చిల్లోనూ హోసన్నా మారుమోగుతుంది. ఆ బిరుదును మనకు నేర్పినవాళ్ళు బిచ్చగాడు, పరాయి జాతి తల్లి, పసిపిల్లలు. అలాంటివాళ్ళను గుమ్మం బయట ఆపేసిన సంఘం ఎంత గట్టిగా పాడినా దావీదు కుమారుణ్ని స్వాగతించినట్టు కాదు.