ఆటకు ముందు భోజనం

సినిమా, నాటకం వంటి ప్రదర్శనలకు వెళ్లేవారు ఆట మొదలయ్యేలోపు తినడం ముగించేలా హోటళ్లు చేసే వడ్డన. లండన్‌లోని వెస్ట్ ఎండ్ నాటకశాలల చుట్టూ దీనికి ప్రత్యేక మెనూలే ఉంటాయి. అక్కడ సాయంత్రం ఆటలు ఎక్కువగా 7.30 ప్రాంతంలో మొదలవుతాయి. అందుకే రెండు మూడు వంటకాలను ఒకే ధరకు ముందుగానే వడ్డిస్తారు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతంలో: పల్లెల్లో చిందు భాగవతుల యక్షగానాలు రాత్రి పొద్దుపోయాక మొదలై తెల్లవార్లూ సాగేవి. జనం ఇంట్లోనే బువ్వ తిని వచ్చేవారు కాబట్టి హోటలు అవసరం పడలేదు. పట్టణాల్లో టాకీసులు వెలిశాక ఆటవేళలే హోటళ్ల రద్దీని నిర్ణయించాయి. ఫస్ట్ షోకు వెళ్లేవారికి టిఫిన్, సెకండ్ షోకు వెళ్లేవారికి భోజనం కావాలి.

వడ్డన తీరు: సర్వర్ ముందుగా ఆట ఎన్ని గంటలకో కనుక్కోవాలి. వేళ దగ్గరపడితే సిద్ధంగా ఉన్న ఇడ్లీ, వడ, బగారా అన్నం, కూర సూచించాలి. మసాలా దోశ పెనం మీద కాలాలి, జొన్నరొట్టె ఒక్కొక్కటిగా చేత్తో కొట్టాలి. వాటికి పట్టే సమయం ముందే చెప్పాలి. పెరుగు వడ్డిస్తూనే బిల్లు బల్ల మీద పెట్టడం మంచిది. చిల్లర కోసం గల్లాపెట్టె దగ్గర నిలబడితే సినిమా పేర్లు పడటం దాటిపోతుంది. తొందరలేని గిరాకీలకు ఈ పద్ధతి వర్తించదు; వాళ్లను తరిమినట్టు అనిపించకూడదు.