ఆరుగురితో గుట్ట మీదికి

మొదటి ప్రపంచ యుద్ధం. 1918 సెప్టెంబరు 23 ఉదయం. పాలస్తీనాలో జోర్డాన్ నది పడమటి ఒడ్డున తుర్కీ సేన స్థావరం మీదికి భారత అశ్వికదళం ‘29వ లాన్సర్స్ (దక్కన్ హార్స్)’ స్క్వాడ్రన్ ఒకటి దౌడు తీస్తోంది. ఎడమ పక్కన చిన్న గుట్ట. దాని మీద మెషిన్ గన్లు, 200 మంది పదాతులు. అక్కణ్నుంచి వస్తున్న తూటాలకు రౌతులు ఒక్కొక్కరే నేలకొరుగుతున్నారు.

దళాధికారి బద్లూ సింగ్ క్షణం ఆలస్యం చేయలేదు. చేతికందిన ఆరుగురిని వెంటబెట్టుకుని గుర్రాన్ని నేరుగా గుట్ట వైపు మళ్లించాడు. పైకెక్కి, ఒక మెషిన్ గన్‌ను ఒంటరిగా స్వాధీనం చేసుకుంటూ ప్రాణాంతకంగా గాయపడ్డాడు. అయినా ఆయన కన్నుమూసేలోపే గుట్ట మీది తుపాకులన్నీ, సైనికులంతా లొంగిపోయారు.

అప్పటికి ఆయన వయసు నలభై దాటింది. ఊరు నేటి హర్యానాలోని ఢాక్లా. సొంత దళం 14వ ముర్రేస్ జాట్ లాన్సర్స్. యుద్ధంలో ఒక దళం వారిని మరో దళానికి సర్దడం మామూలే. అలా ఆయన దక్కన్ పేరున్న దళంలో చేరాడు. ఆ దళం పుట్టిల్లు హైదరాబాద్ కంటింజెంట్. నిజాం ఖర్చుతో, ఆంగ్లేయ అధికారుల చేతికింద నడిచిన ఆ సేనకు బొలారం కేంద్రం. దాని జీతాల బాకీ కిందే 1853లో నిజాం బేరార్‌ను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాల్సి వచ్చింది.

ప్రపంచ యుద్ధంలో మొదట ఫ్రాన్స్‌కు వెళ్లిన ఈ దళానికి అక్కడ గుర్రాలతో పెద్దగా పని పడలేదు. కందకాలు, ముళ్లతీగలు అడ్డం. 1918లో భారత అశ్వికదళాన్ని పాలస్తీనాకు తరలించాక కథ మారింది. సెప్టెంబరు 19న బ్రిటిష్ సేనాపతి అలెన్‌బీ పదాతులు తీరంలో తుర్కీ రక్షణ పంక్తిని ఛేదించగానే, ఆ సందులోంచి దూసుకెళ్లిన రౌతులు మర్నాటికల్లా జోర్డాన్ లోయలోని బైసాన్ చేరారు. తుర్కీ సేన తూర్పుకు తప్పించుకోవాలంటే జోర్డాన్ దాటాలి. రేవులను ముందుగా మూసేయడానికి కావలసింది వేగం. అది గుర్రానికి ఉంది. బద్లూ సింగ్ పోరాడింది ఆ వేటలోనే.

భారతీయ సైనికులకు బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ అర్హత 1911లోనే దక్కింది. మొదటి ప్రపంచ యుద్ధంలో దాన్ని అందుకున్న భారత అశ్వికులు ఇద్దరే. మొదటివాడు గోవింద్ సింగ్. 1917లో ఫ్రాన్స్‌లోని కాంబ్రే పోరులో మూడుసార్లు సందేశాలు మోశాడు. మూడుసార్లూ గుర్రం కూలితే కాలినడకన చేరాడు. ఆయనా వేరే దళం నుంచి సర్దుబాటుగా వచ్చినవాడే. రెండోవాడైన బద్లూ సింగ్‌కు పతకం మరణానంతరం ప్రకటించారు.

బద్లూ సింగ్ నేలకొరిగిన రోజే మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లు పాలస్తీనాలోనే హైఫా పట్టణాన్ని గెలిచారు. మన సైన్యం ఏటా సెప్టెంబరు 23ను హైఫా దినంగా జరుపుకుంటోంది. దక్కన్ హార్స్ నేడు భారత సైన్యంలో ట్యాంకుల దళం.