మంత్రసాని పెట్టెలో రెండు సరుకులు

వరంగల్ వైపు జొన్న పూత మీద ఉండగా ముసురు పట్టిందంటే రైతుకి తేనెబంక భయం. ఒక శిలీంధ్రం పువ్వు అండాశయంలోకి దూరి, గింజ కట్టాల్సిన చోట జిగట కారుస్తుంది. సజ్జకీ ఇలాంటి తెగులే ఉంది. దాని నల్లటి ముద్దలు గింజల్లో కలిసి తిండిలోకి వస్తే వాంతులు, మత్తు. అందుకే విత్తనాన్ని ఉప్పునీళ్ళలో పోసి, పైకి తేలినవి పారేస్తారు.

యూరప్‌లో రై పంటకి పట్టే ఎర్గాట్ దీని దాయాదే, కానీ ఇంకా క్రూరమైనది. ఆ పిండితో చేసిన రొట్టె తిన్నవాళ్ళ కాళ్ళూ చేతులూ నల్లబడి ఊడిపోయేవి. అయినా అక్కడి మంత్రసానులు దాన్ని దాచుకునేవాళ్ళు. కాన్పు నొప్పులు ఆగిపోతే చిటికెడు పొడి ఇచ్చేవాళ్ళు.

అదే మంచం పక్కకి చేరిన ఇంకో సరుకు జుంద్ బేదస్తర్. నిజాం రాజ్యంలో సర్కారు ఆదరణ ఉన్న యునానీ వైద్యంలో ఇది పాత మందు. ఆగిన ముట్టు రావడానికి, మాయ పడడానికి వాడమని గ్రీకు వైద్యుడు డయోస్కోరిడీస్ మొదటి శతాబ్దంలోనే రాశాడు. ఫార్సీ నుంచి వచ్చిన ఆ పేరుకి బీవర్ వృషణం అని అర్థం. నిజానికి అది తోక దగ్గరుండే వాసన సంచి, ఆడ బీవర్‌కీ ఉంటుంది. వైద్యులు ఇన్ని వందల ఏళ్ళు ఆడదాన్ని కోసి చూడలేదా అనిపిస్తుంది! సగం బతుకు నీళ్ళలో గడిపే ఈ ఎలుకజాతి జంతువు మన అడవుల్లో ఎన్నడూ లేదు. దాని సంచి మాత్రం ఎండి, ఇంత దూరం వచ్చింది.

సంచి కావాలంటే జంతువుని చంపాలి. బొచ్చు కోసం, మాంసం కోసం ఎలాగూ చంపుతున్నారు. 1900 నాటికి యూరప్, ఆసియాల్లో కలిపి మిగిలినవి సుమారు 1,200.

విషపు బూజు కథ ఇందుకు తలకిందులు. 1808లో న్యూయార్క్ వైద్యుడు జాన్ స్టెర్న్స్ కాన్పు త్వరగా అవుతుందని దాన్ని మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. డాక్టర్లు ఎగబడ్డారు, కడుపులోనే బిడ్డలు చనిపోయారు. తర్వాత దాన్ని బిడ్డ పుట్టాక రక్తస్రావం ఆపడానికే పరిమితం చేశారు. 1935లో లండన్‌లో అందులోంచి ఎర్గోమెట్రిన్ విడదీశారు. స్విట్జర్లాండ్‌లో సాండోజ్ కంపెనీ రైతుల చేత మంచి రై కంకులకి కావాలనే ఈ తెగులు ఎక్కించింది. దాని నుంచి వచ్చిన మెథర్జిన్ ఇంజెక్షన్ ఇవాళ మన ప్రసూతి గదుల ఫ్రిజ్‌ల్లో ఉంటుంది.

బీవర్‌ని కాపాడింది మందు కాదు, వేట నిషేధం. యూరప్‌లో మళ్ళీ లక్షల్లో ఉన్నాయి. చైనా, మంగోలియా సరిహద్దులో ఉలుంగూర్ నది వెంట బతికే ఉపజాతి మాత్రం ఇంకా ప్రమాదంలోనే ఉంది.