అరికాలు కింది నల్ల మచ్చ: బతుకు మిల్లీమీటర్లల్ల ఉంటది

మెలనోమా అనే చర్మ క్యాన్సర్ తెల్లతోలోళ్ల రోగం, మనకు రాదు అనుకుంటరు శానామంది. మనకు తక్కువనే వస్తది, నిజమే. కానీ వస్తే ఎక్కువగ అరికాలుకు, అరచేతికి, గోరు కిందికి వస్తది. పాటగాడు బాబ్ మార్లేకు కాలివేలి గోరు కిందనే వచ్చింది. 1977ల బయటపడ్డది, 1981ల 36 ఏండ్లకే పాణం పోయింది.

ఎవరు బతుకుతరు, ఎవరికి కష్టమైతది? డాక్టర్లు చూసే లెక్కలు ఇవి.

మందం: ఇదే పెద్ద లెక్క. గడ్డ తోలు లోపలికి ఎంత లోతు దిగిందో మిల్లీమీటర్లల్ల కొలుస్తరు. ఈ కొలతను 1970ల అమెరికా డాక్టర్ అలెగ్జాండర్ బ్రెస్లో చెప్పిండు. 1 మి.మీ. లోపుండంగనే కోసి తీసేస్తే నూటికి 90 మందికి పైనే పదేండ్లు దాటుతరు. 4 మి.మీ. దాటిందా, గండం పెరిగినట్టే.

పుండు: మచ్చ పైతోలు పగిలి పుండైతే, మందం అంతే ఉన్నా ముప్పు ఎక్కువ.

బిళ్లలు: గజ్జల్ల, చంకల్ల బిళ్లలకు పాకిందా, ఎన్నింటికి పాకింది అన్నది చూస్తరు.

పాకుడు: ఊపిరితిత్తులు, కాలేయం దాకా పోతే కష్టం, మెదడుకు పోతే ఇంకా కష్టం. రక్తంల ఎల్‌డీహెచ్ పెరుగుడు గూడ మంచి గుర్తు కాదు. 2011 నుంచి వచ్చిన ఇమ్యునోథెరపీ మందులతోని ఇసొంటోళ్లల్ల గూడ కొందరు ఏండ్లకేండ్లు బతుకుతున్నరు. కానీ ఆ మందుల ధర కూలోడు మోసేది కాదు.

వయసు: పెద్ద వయసోళ్లకు, ఆడోళ్లకన్న మగోళ్లకు ముప్పు జర ఎక్కువ.

వయసు మన చేతుల లేదు. జల్ది చూపించుకునుడు మాత్రం ఉన్నది. అమెరికాల నల్లజాతోళ్లకు ఈ రోగం తక్కువనే వస్తది, అయినా వచ్చినోళ్లల్ల బతికేటోళ్లు తెల్లోళ్లకన్న తక్కువ. ఆలస్యంగ దొరుకుడే పెద్ద కారణం.

మన దిక్కు పొలంల ఉత్త కాళ్లతోని తిరిగేటోళ్లు మచ్చను చూసి ముల్లు ఇరిగిందనో, ఆనెకాయ అనో అనుకుంటరు. బ్లేడుతోని గీకుతరు, పసరు పూస్తరు. అట్ల చేయొద్దు. ప్రతి మచ్చా క్యాన్సర్ కాదు. కానీ మచ్చ పెరుగుతున్నా, రంగు మారినా, రక్తం కారినా, గోరు మీద నల్లగీత వెడల్పైతున్నా, పుండు నెలకు గూడ మానకున్నా చర్మం డాక్టర్‌కు చూపియ్యాలె. ముక్క పరీక్ష చేస్తే రిపోర్టుల మందం ఎంతున్నదో అడగాలె. హైదరాబాద్‌ల ఎం.ఎన్.జె. సర్కార్ క్యాన్సర్ దవాఖాన ఉన్నది.

ఊర్లల్ల బీపీ, షుగర్, నోటి క్యాన్సర్ చూసే క్యాంపులల్ల అరికాళ్లు గూడ చూడాలె అని మనమే అడగాలె. దానికి మిషన్ అక్కరలేదు, చెప్పులు ఇడిపిస్తే సాలు.