పోటీ నిషేధ ఒప్పందాలు - ఉద్యోగి వృత్తి స్వేచ్ఛ: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఉద్యోగం విడిచిన వ్యక్తి అదే రంగంలో మరొకచోట పనిచేయరాదని విధించే షరతు భారతదేశంలో చెల్లదని 1872 నాటి ఒప్పందాల చట్టం ఆధారంగా సాధారణంగా చెబుతారు. ఆ చట్టం ఎవరి స్వేచ్ఛను దృష్టిలో పెట్టుకొని రూపొందింది, కార్మికునికి అది ఎంతవరకు వర్తించింది అనే అంశాలను ఈ వ్యాసం చారిత్రక క్రమంలో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పోటీ నిషేధం, వృత్తి స్వేచ్ఛ, ఒప్పందాల చట్టం, అడ్వాన్సు, ఉద్యోగ బాండు.

1. ఉపోద్ఘాతం:
ఒక సంస్థలో పనిచేసిన వ్యక్తి అక్కడ మానేసిన తరువాత కొంతకాలం వరకు పోటీ సంస్థలో చేరకూడదని, అదే వ్యాపారాన్ని సొంతంగా ప్రారంభించకూడదని రాయించుకునే షరతే పోటీ నిషేధ ఒప్పందం. యజమాని దీనిని వ్యాపార రహస్యాలకు రక్షణగా భావిస్తాడు. ఉద్యోగి పరిస్థితి వేరు. అతనికి ఉన్న ఆస్తి నేర్చిన పని ఒక్కటే. ఆ రంగమే మూసుకుపోతే తక్కువ జీతానికి తెలియని పనిలో చేరాలి, లేదా ఊరు మారాలి, లేదా ఇష్టం లేకున్నా ఉన్నచోటే ఉండిపోవాలి. వెళ్లలేడని తెలిసిన ఉద్యోగికి జీతం పెంచవలసిన అవసరం యజమానికి కలగదు. కాబట్టి షరతు కోర్టుదాకా వెళ్లకపోయినా దాని ప్రభావం ఉద్యోగి జీవితంపై పడుతూనే ఉంటుంది.

2. ఆంగ్ల న్యాయ నేపథ్యం:
ఈ వివాదం ఆరు శతాబ్దాల నాటిది. 1414లో ఇంగ్లాండులో ఒక అద్దకపు పనివాడు ఆరునెలలపాటు తన ఊరిలో ఆ వృత్తి చేయనని బాండు రాసి ఇచ్చాడు. దానిని అమలు చేయమని కోరిన వ్యక్తిపైనే న్యాయమూర్తి ఆగ్రహించాడు. 1711 నాటి మిచెల్ - రేనాల్డ్స్ వ్యాజ్యంలో ఈ వైఖరి సడలింది. రొట్టెల దుకాణాన్ని ఐదేళ్లకు అప్పగించిన వ్యక్తి ఆ కాలంలో లండన్‌లోని ఆ పేటలో అదే వృత్తి చేయరాదన్న షరతు న్యాయమైనదేనని కోర్టు అంగీకరించింది. పరిమితమైన, సహేతుకమైన నిషేధం చెల్లుతుందనే సూత్రం ఇక్కడ స్థిరపడింది.

దుకాణం అప్పగించి ప్రతిఫలం పొందినవాడికి, కూలికి పనిచేసేవాడికి మధ్య ఉన్న భేదం 1916 నాటి హెర్బర్ట్ మోరిస్ - సాక్సెల్బీ తీర్పులో స్పష్టమైంది. ఒక ఇంజనీరుపై విధించిన ఏడేళ్ల నిషేధాన్ని హౌస్ ఆఫ్ లార్డ్స్ తిరస్కరించింది. యజమాని రహస్యాలు యజమానివే. పనిచేస్తూ ఉద్యోగి సంపాదించుకున్న నైపుణ్యం మాత్రం ఉద్యోగిదే అన్నది ఆ తీర్పు సారాంశం.

3. 1872 చట్టం - 27వ సెక్షన్:
భారత చట్టం ఆంగ్ల న్యాయంలోని సహేతుకత అనే కొలమానాన్ని స్వీకరించలేదు. న్యాయసమ్మతమైన వృత్తిని గానీ వ్యాపారాన్ని గానీ చేయకుండా ఎవరినైనా నిరోధించే ఒప్పందం, ఆ నిరోధం మేరకు చెల్లదని 27వ సెక్షన్ ప్రకటించింది. గుడ్‌విల్ అమ్మకానికి మినహాయింపు ఇచ్చింది. ఈ సెక్షన్‌కు మూలం న్యూయార్క్ రాష్ట్రం కోసం డేవిడ్ డడ్లీ ఫీల్డ్ నేతృత్వంలో తయారైన సివిల్ కోడ్ ముసాయిదా. న్యూయార్క్ దానిని ఆమోదించలేదు గానీ, కాలిఫోర్నియా అదే 1872లో తన సివిల్ కోడ్‌కు దానిని ఆధారం చేసుకుంది. నేడు హైదరాబాదులో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి, సిలికాన్ వ్యాలీలో పనిచేసే తెలుగు ఉద్యోగికి ఈ విషయంలో వర్తించే నిబంధనల మూలం ఒక్కటే.

ఈ సెక్షన్‌ను వివరించిన తొలి ప్రసిద్ధ తీర్పు 1874 నాటి మాధవచంద్ర - రాజకుమార్ దాస్ వ్యాజ్యం. కలకత్తాలో పోటీ దుకాణదారు తన దుకాణం మూసివేస్తే, అతడు పనివారికి ఇచ్చిన అడ్వాన్సుల సొమ్ము చెల్లిస్తామని ప్రత్యర్థులు ఒప్పుకున్నారు. తరువాత చెల్లించలేదు. పాక్షిక నిషేధం కూడా చెల్లదని చెబుతూ కలకత్తా హైకోర్టు ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది. వివాదం ఇద్దరు వ్యాపారుల మధ్యది. పనివారు అందులో అడ్వాన్సు పద్దులుగా మాత్రమే కనిపిస్తారు.

4. 1859 చట్టం - కార్మికుని స్థితి:
ఆ అడ్వాన్సులకు మరో చట్టం అండగా ఉంది. 1859 నాటి పనివారల ఒప్పంద ఉల్లంఘన చట్టం ప్రకారం అడ్వాన్సు తీసుకొని పని మానేసిన కార్మికుణ్ణి యజమాని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టవచ్చు. సొమ్ము తిరిగి ఇవ్వాలని లేదా పని పూర్తిచేయాలని మేజిస్ట్రేటు ఆదేశిస్తాడు. ఆదేశం పాటించకపోతే మూడు నెలల వరకు జైలు. మొదట కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాలకు ఉద్దేశించిన ఈ చట్టం క్రమంగా ఇతర ప్రాంతాలకూ విస్తరించింది. 1925లో చేసిన చట్టంతో ఇది రద్దయింది.

అంటే 1872 తరువాత కూడా అర్ధ శతాబ్దంపాటు రెండు న్యాయాలు పక్కపక్కనే నడిచాయి. వ్యాపారి తన వ్యాపారం మానుకుంటానని ఇచ్చిన మాట చెల్లదు. కూలీ పని మానుకోవడం మాత్రం అతణ్ణి జైలుదాకా తీసుకుపోగలదు. 27వ సెక్షన్‌ను కార్మిక స్వేచ్ఛా పత్రంగా మాత్రమే చదివితే ఈ వైరుధ్యం కనుమరుగవుతుంది.

5. స్వాతంత్ర్యానంతర తీర్పులు:
1967 నాటి గోలికరి - సెంచురీ స్పిన్నింగ్ తీర్పు ఈ చరిత్రలో మలుపు. టైరు దారం తయారీ విభాగంలో ఐదేళ్ల ఒప్పందంపై చేరిన షిఫ్ట్ సూపర్‌వైజరు, గడువు తీరకముందే ఎక్కువ జీతానికి కోటాలోని పోటీ సంస్థలో చేరాడు. ఉద్యోగకాలంలో అమలయ్యే నిషేధం సాధారణంగా వ్యాపార నిరోధం కిందికి రాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, అతనిపై విధించిన ఇంజంక్షన్‌ను సమర్థించింది. దీంతో "ఉద్యోగకాలం", "ఉద్యోగానంతరకాలం" అనే విభజన బలపడింది. అయితే ఇక్కడ ఉద్యోగకాలమంటే ఉద్యోగి నిజంగా పనిచేసిన కాలం కాదు, కాగితంపై రాసుకున్న ఐదేళ్లు.

1980 నాటి సూపరింటెండెన్స్ కంపెనీ వ్యాజ్యంలో రెండేళ్ల ఉద్యోగానంతర నిషేధం చర్చకు వచ్చింది. సంస్థే తొలగించిన వ్యక్తికి "విడిచి వెళ్లడం" అనే షరతు వర్తించదని ఇద్దరు న్యాయమూర్తులు తేల్చారు. ఆ షరతు 27వ సెక్షన్ ప్రకారమే చెల్లదని జస్టిస్ ఎ.పి. సేన్ విడిగా పేర్కొన్నారు.

2025లో విజయా బ్యాంకు వ్యాజ్యంలో, మూడేళ్లు పూర్తికాకుండా రాజీనామా చేస్తే 2 లక్షల రూపాయలు చెల్లించాలన్న షరతును సుప్రీంకోర్టు సమర్థించింది. ఇది భావి ఉద్యోగాన్ని నిషేధించడం లేదని భావించింది. అదే సమయంలో, యజమాని ముందే అచ్చువేసిన ఒప్పందాలలో ఉభయుల బలాబలాల తేడాను న్యాయస్థానాలు గమనించాలని కూడా గుర్తించింది.

6. ముగింపు:
27వ సెక్షన్ ఉద్యోగానంతర నిషేధాన్ని గట్టిగానే అడ్డుకుంది. కానీ గడువుకు ముందే వెళ్లడాన్ని అడ్డుకునే షరతులు ఉద్యోగ బాండుల రూపంలో నిలిచాయి. 1859లో అడ్వాన్సు తీసుకున్న కూలీని కట్టిపడేసింది రుణం. నేటి ఉద్యోగిని ఆపుతున్నది బాండు సొమ్ము. జైలు శిక్ష పోయింది, ఇది చిన్న మార్పు కాదు. అయినా వెళ్లే హక్కుకు ధర కట్టే పద్ధతి కొనసాగుతూనే ఉంది. అందువల్ల ఒక షరతు ఏ కాలానికి వర్తిస్తుందన్నది చూస్తే సరిపోదు. అది యజమాని రహస్యాన్ని కాపాడుతోందా, లేక ఉద్యోగి నైపుణ్యాన్ని బందీ చేస్తోందా అన్నదే దానిని నిర్ణయించే ప్రశ్న కావాలి.