శ్రీకాకుళం శాసనాల అంకెలు - బాగ్దాదు పండితుల రుజువులు

నేడు లోకమంతటా వాడుకలో ఉన్న అంకెలను ఐరోపావారు 'అరబ్బీ అంకెలు' అని పిలిచారు. ఈ పేరును ఆధారంగా చేసుకొని వాటిని అరబ్బులే కనుగొన్నారని ముస్లిం సభలలో కొందరు వక్తలు చెప్పడం కద్దు. ఆనాటి అరబ్బీ గణితవేత్తలు మాత్రం అలా చెప్పుకోలేదు. ఆ విద్యను వారు 'హిసాబుల్ హిందీ', అనగా భారతీయ గణనం, అన్నారు. ఖలీఫా మామూన్ కాలంలో (813-833) బాగ్దాదులో వెలసిన అల్ ఖ్వారిజ్మీ ఈ అంకెలపై గ్రంథం రాస్తూ అవి భారతీయులవని స్పష్టంగా చెప్పాడు. ఆ గ్రంథపు అరబ్బీ మూలం నశించింది. లాటిను అనువాదం మిగిలింది. హిజ్రీ 341లో డెమాస్కసులో గ్రంథం రచించిన అల్ ఉఖ్లీదిసీ కూడా దానికి 'కితాబుల్ ఫుసూల్ ఫిల్ హిసాబిల్ హిందీ' అనే పేరు పెట్టాడు. ఒకరి సొత్తును వారి పేరుతోనే అప్పగించిన అమానతు ఇది.

ఈ విషయానికి సాక్ష్యం ఉత్తరాంధ్రలోనే ఉన్నది. శ్రీకాకుళం సమీపంలోని సిద్ధాంతం గ్రామంలో దొరికిన తూర్పు గంగరాజు దేవేంద్రవర్మ రాగిరేకు శాసనం గంగశకం 195 నాటిది. అంటే సుమారు క్రీ.శ. 693. పూర్వపు పద్ధతిలో నూరుకు ఒక గుర్తు, తొంభైకి వేరొక గుర్తు ఉండేవి. స్థానవిలువ పద్ధతిలో ఒకటి, తొమ్మిది, అయిదు వరుసగా నిలబడితే చాలు, విలువను స్థానమే చెబుతుంది. శాసనాలలో ఈ పద్ధతికి దొరికిన తొలి ఆధారాలలో సిద్ధాంతం రేకును పండితులు లెక్కిస్తారు. అప్పటికి హిజ్రీ మొదటి శతాబ్దమైనా పూర్తి కాలేదు. కుతుబ్‌షాహీ ఫౌజుదారు షేర్ ముహమ్మద్ ఖాన్ శ్రీకాకుళంలో జామియా మసీదు కట్టించినది 1641లో! అయితే బాగ్దాదుకు అంకెలు సిద్ధాంతం నుండే వెళ్ళాయని అనరాదు. 662లోనే సిరియా క్రైస్తవ పండితుడు సెవెరస్ సెబోఖ్త్ భారతీయుల తొమ్మిది గుర్తులను మెచ్చుకొన్నాడు.

మరి ముస్లిం విద్వాంసులు చేసినదేమిటి? అంకెలు అందుకొని ఊరకుండలేదు. 'ఎందుకు' అని అడిగి బుర్హాన్, అనగా రుజువు, కోరారు. ఒక్క ఉదాహరణ చాలు. వరుస సంఖ్యల ఘనాల మొత్తం, ఆ సంఖ్యల మొత్తపు వర్గానికి సమానమని ఆర్యభటుడు 499లో సూత్రంగా చెప్పాడు. పదకొండవ శతాబ్ది ఆరంభంలో బాగ్దాదులో అల్ కరజీ దీనిని బొమ్మగీసి నిరూపించాడు. 1 నుండి 10 వరకు మొత్తం 55. భుజం 55గా ఒక చతురస్రం గీయాలి. ఒక మూలను ఆనుకొన్న రెండు అంచుల వెంబడి 10 వెడల్పున పట్టీ తీసివేస్తే 45 భుజంగల చతురస్రం మిగులుతుంది. పోయిన పట్టీ వైశాల్యం 3025లో 2025 తీసివేయగా 1000, అదే పది ఘనం. ఇప్పుడు 9 వెడల్పున పట్టీ తీస్తే 36 భుజం మిగులుతుంది. పోయినది 729, తొమ్మిది ఘనం. ఇలాగే ఒకటి వరకు దిగవచ్చు.

భారతీయులకు రుజువు తెలియదనుకోవడం మరొక పొరపాటు. వారు దానిని 'ఉపపత్తి' అన్నారు; కేరళలో నీలకంఠుడు ఇదే సూత్రాన్ని తన ఆర్యభటీయ భాష్యంలో నిరూపించాడు. కాకపోతే సూత్రగ్రంథాలలో రుజువుకు చోటు తక్కువ. మహావీరాచార్యుని గణితాన్ని పదకొండవ శతాబ్దిలో తెనిగించిన పావులూరి మల్లన 'సారసంగ్రహ గణితము' కూడా సూత్రాలు, లెక్కలతో సాగేదే.

అల్ కరజీ పది దగ్గర ఆగాడు. 'ఏ సంఖ్యకైనా' అని సాధారణంగా చెప్పలేదు. పన్నెండవ శతాబ్దిలో అస్సమవ్‌అల్ ఈ మార్గాన్ని విస్తరించగా, పదిహేడవ శతాబ్దిలో పాస్కల్ దానికి స్పష్టమైన రూపమిచ్చాడు. అదే నేటి గణితానుగమనం. 1879లో కళాశాల స్థాయికి వచ్చిన విజయనగరం మహారాజా కళాశాలలో గాని, 2008లో విశ్వవిద్యాలయం వెలసిన ఎచ్చెర్లలో గాని గణిత విద్యార్థి ఘనాల మొత్తాన్ని పదివరకే సరిచూసి వదిలితే మార్కులు రావు. ఎన్ అనే సంఖ్యకు నిజమైతే దాని తరువాతి సంఖ్యకూ నిజమని చూపాలి. అల్ కరజీ పట్టీని తీయక, ఈసారి చేర్చాలి.