వ్రేలిముద్రయు గ్రామసభయు: తూర్పు కనుమల మన్యమున డిజిటల్ హక్కుల విచారణ

డిజిటల్ హక్కులను గూర్చిన చర్చ మన విద్వత్సభలలో సాధారణముగా వాక్స్వాతంత్ర్యముతో మొదలై గోప్యతతో ముగియుచుండును. అనంతగిరి కనుమనెక్కి, అరకు లోయను దాటి, ముంచింగిపుట్టు, పెదబయలు మండలముల కొండవాలు గూడెములకు పోయినవానికి ఆ చర్చ వేఱొక చోట మొదలుకావలసియున్నదని తోచును. చేసిన ఉపాధిపనికి కూలియు, గిరిజన సహకార సంస్థ (జి.సి.సి.) డిపోలో నెలనెల రావలసిన బియ్యమును ఒక వ్రేలిముద్రకును ఒక సిగ్నలుకును ముడివడియున్న జనులకు, ఆ ముడి వీడిన దినమున మొఱ వినుటకు మనుష్యుడొకడు సమీపమున నుండునా యన్నదే ప్రథమ ప్రశ్న. అట్టి మొఱ వినదగిన స్థానమును మన్యమునకు శాసనమే ఏర్పఱచినదనియు, అది గ్రామసభయే యనియు, పౌరసంఘముల కృషి తుదకు దానినే చేరవలెననియు చూపుట ఈ వ్యాసోద్దేశము.

ఈ సమస్య మన కొండలకే పరిమితము గాదు. కెన్యా ప్రభుత్వము 2019లో ‘హుదుమా నంబా’ యను పేర పౌరులందఱి వ్రేలిముద్రలను సేకరింపబూనినప్పుడు, గుర్తింపు కార్డులకై తరతరములుగా విచారణసంఘముల యెదుట నిలువబడుచున్న అల్పసంఖ్యాకులగు నూబియనుల పక్షమున నూబియన్ రైట్స్ ఫోరం హైకోర్టు నాశ్రయించెను. ఆధార్ అనుభవమును వివరించుటకు భారతీయ నిపుణుడొకడు అచ్చట సాక్ష్యమిచ్చెను. 2020 జనవరి 30 నాటి తీర్పు డి.ఎన్.ఎ. సేకరణమును, నివాసస్థలపు జి.పి.ఎస్. సేకరణమును రాజ్యాంగవిరుద్ధములని త్రోసివైచి, సమగ్రమైన నియమావళి లేనిదే పథకము సాగరాదని శాసించెను. రాజ్యము ఎన్నడును సరిగా లెక్కింపని జనమే కొత్త లెక్క వలన మొదట నష్టపడునన్న నూబియనుల భయము, నా దృష్టిలో, అరకు కొండలకు పూర్ణముగా వర్తించును.

ఎట్లనగా, ఈ మన్యమున వంశనామములు కొద్దిపాటివి. కిల్లో యనగా పులి, కొర్రా యనగా సూర్యుడు, పాంగి యనగా గ్రద్ద, వంతల యనగా నాగుపాము, గొల్లోరి యనగా కోతి. ఆదివాసి ఒడియా వాడుకలోనున్న ఊళ్లలో పుట్టిన వారమును బట్టి బిడ్డకు పేరిడు ఆచారమును కలదు. సోమవారమున పుట్టినవాడు సోంబారు, బుధవారమున పుట్టినవాడు బుద్రు. వంశములు కొన్నియే, వారములు ఏడే యైనచోట ఒకే పేరుగలవారు ఊరూర నుందురు. వారిలో ఎవడెవడో ఊరివారికి తెలియును. తండ్రిని బట్టియు, ఇంటిని బట్టియు, పోడు చేయు కొండను బట్టియు తెలియును. అదే పేరు ఆంగ్లాక్షరములలోనికి మాఱి, జాబ్ కార్డునందొక వర్ణక్రమముతోను, ఆధార్‌నందు మఱొక దానితోను, బ్యాంకు పుస్తకమున వేఱొక దానితోను వ్రాయబడినపుడు యంత్రము ఒక మనిషిని ఇద్దఱిగనో, ఇద్దఱిని ఒకనిగనో గ్రహించును. ఆధార్ ఆధారిత చెల్లింపు 2024 జనవరి 1 నుండి ఉపాధి కూలీలకు తప్పనిసరియైనది. ఈ పద్ధతిలో సొమ్ము కూలివాడు కోరిన ఖాతాకు గాక ఆధార్‌కు కడపట ముడివడిన ఖాతాకు పోవును. ఆ ముడి ఎవరు వేసిరో, ఎప్పుడు వేసిరో పెక్కుమారులు వానికి తెలియదు. నామదోషము మనకు లేఖకదోషమువలె స్వల్పముగా కనబడవచ్చును. ఎండలో మట్టి తవ్వినవానికి అది వారముల కూలి.

హాజరు విషయమును ఇట్టిదే. జాతీయ మొబైల్ పర్యవేక్షణ విధానము 2021లో ఐచ్ఛికముగా మొదలై, 2022 మే నుండి ఇరువది మందియు అంతకు మించియు గల పనిచోటులకును, 2023 జనవరి 1 నుండి వ్యక్తిగత లబ్ధి పనులు తప్ప తక్కిన అన్ని పనులకును విధింపబడినది. పనిచోటి పర్యవేక్షకుడగు మేటు దినమునకు రెండుమార్లు కూలీల ఫోటో తీసి పంపవలెను. లోయలోని పని ముగించుకొన్నను, రెండవ ఫోటోకై కూలీలు నిలిచియుండవలసినదే. దొంగ హాజరును మాన్పుట మంచి ఉద్దేశమే; అయినను ఫోటోకు ఫోటో తీసి పంపుచున్నారని, పనికి సంబంధము లేని చిత్రములు ఎక్కించుచున్నారని కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖయే 2025 జూలై ఉత్తరువులో ఒప్పుకొని, ఆ ఫోటోలను మనుష్యులచేత సరిచూడవలెనని ఆదేశించెను.

ఈ విషయమున పౌరసంఘముల పని ప్రశంసనీయము. లిబ్‌టెక్ ఇండియా వంటి బృందములు సర్కారు వెబ్‌సైటులోని లెక్కలనే త్రవ్వి తీసి, చెల్లింపుల జాప్యమును, తిరస్కృతులను, జాబ్ కార్డుల నుండి పేర్ల తొలగింపును పంక్తిపంక్తిగా బయటపెట్టినవి. ఆంధ్రప్రదేశమున 2021-22లో ఆఱు లక్షల పైచిలుకుగానున్న తొలగింపులు మఱుసటి యేడు 78 లక్షలు దాటినవని 2023 జూలైలో లోక్‌సభకు కేంద్రమే తెలిపెను. ఆ సంవత్సరమే ఫిబ్రవరి నుండి ఉపాధి కూలీల వేదికయగు నరేగా సంఘర్ష్ మోర్చా ఢిల్లీ జంతర్ మంతర్ వద్ద నూఱు దినముల ధర్నాకు పూనుకొనెను. అయితే ఢిల్లీకి పోయిన మొఱకు సమాధానము ఢిల్లీనుండియే రావలెను. మన్యమునకు అంతకన్న దగ్గఱి త్రోవ యొకటి కలదని నా వాదము.

అనంతగిరి మండలపు గనుల కౌలులపై సమత సంస్థ సాగించిన వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము 1997 జూలై 11న తీర్పు చెప్పుచు, షెడ్యూల్డు ప్రాంతమున ప్రభుత్వభూమినైనను గిరిజనేతరులగు ప్రైవేటు కంపెనీలకు కౌలుకీయరాదని నిర్ణయించెను. దానికి ముందేడు పంచాయతీ వ్యవస్థను షెడ్యూల్డు ప్రాంతములకు విస్తరించుచు వచ్చిన పెసా చట్టము, అభివృద్ధి పథకములు అమలగుటకు ముందు గ్రామసభ ఆమోదము పొందవలెననియు, ఖర్చుపెట్టిన నిధులకు వినియోగపత్రము గ్రామసభయే ఈయవలెననియు విధించినది. మన రాష్ట్రమున దాని నియమావళి 2011లో వెలువడెను. భూమికి సంబంధించి మన్యము తన సమ్మతిని విలువగల వస్తువుగా ఒకసారి నిలుపుకొన్నది. పథకమునకు సమ్మతి కావలసినపుడు, ఆ పథకము యొక్క ద్వారమును తెఱచుటకును మూయుటకును శక్తిగల యంత్రమునకు మాత్రము సమ్మతి యేల అక్కఱలేదు? రాజ్యాంగపు ఐదవ షెడ్యూలు గవర్నరునకు శాసనములనే ఈ ప్రాంతమున మార్చి అన్వయించు అధికార మిచ్చియుండగా, ఒక హాజరు యాపును గూడెపు స్థితికి తగినట్లు సడలించుట అసాధ్యమనుట పొసగదు.

గ్రామసభకు సాంకేతిక జ్ఞానము లేదందురు. దానికున్న జ్ఞానము వేఱు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2006 నుండి, ఉపాధిపనుల లెక్కలను ఊరియెదుట చదివి సరిచూచుచు నడచిన సామాజిక తనిఖీలు ఇందుకు నిదర్శనము. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టపు 44(3) సెక్షను సమాచారహక్కు చట్టపు 8(1)(జె)ను సవరించి, వ్యక్తిగత సమాచారమంతటిని ఒకే మినహాయింపుక్రిందికి తెచ్చినందున, ఆ తనిఖీలలో పేర్లను బహిరంగముగ చదువుటకు అధికారులు వెనుదీయుదురన్న ఆందోళన నిరాధారము గాదు. గోప్యత నూబియనునకు రక్ష యైనది. ఇచ్చట దాని పేరనే హాజరుపట్టీయగు మస్టరు మూతపడినచో నష్టపోవునది కూలివాడే. ఏలయన, సంత లేని దినమున చెట్టుక్రింద కూర్చున్న ఊరియెదుట మస్టరు రోలును పేరుపేరున చదివి, అవసరమైనచో ఆదివాసి ఒడియాలోను కువి భాషలోను చెప్పినపుడే, వెనుక వరుసలో కూర్చున్న ముసలిది లేచి, ఈ పులివంశమువాడు మా యూరివాడు కాడనియు, మావాని కూలి యెక్కడికి పోయినదనియు అడుగగలదు.